సరిహద్దు ఆఖరున గీసే సారు

మా సోషల్ సారు పోయారు. పోయిన నెలలో ఒక సోమవారం పొద్దున, బుక్కరాయసముద్రంలో మా ఇంట్లో పాలు పొయ్యి మీద ఉండగా ఊరి నుంచి నాయన ఫోన్ చేశాడు. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే ముందు మీ పక్క వాన పడిందా అని అడుగుతాడు. ఆ రోజు అడగలేదు. "సారు పోయినాడు పాపా. నిద్దట్లోనే పోయినాడంట" అన్నాడు. ఏ సారు అని నేను అడగలేదు. మా ఇంట్లో సారు అంటే ఒక్కరే. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను.

నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో అంతర్జాతీయ సంబంధాలు చెబుతాను. వినడానికి పెద్దగా ఉంటుంది గానీ ముప్పైమంది పిల్లలు, సగంలో ఆగే ఫ్యాను, గోడకు ఒక ప్రపంచ పటం, అంతే సంగతి. ఏ దేశం ఎందుకు ఎవరితో చేతులు కలుపుతుంది, ఎవరిని చూస్తే ఎందుకు ఉలిక్కిపడుతుంది అని ఆ పటం ముందు నిలబడి నేను చెప్పేదాంట్లో ముప్పాతిక భాగం ఆయనదే. మిగతా పాతిక పుస్తకాల్లో చదివింది. అది కూడా ఆయన చెప్పింది నిజమేనా అని చూసుకోవడానికే చదివాను.

మీరు ఆయన్ని చూసి ఉండరు. విడపనకల్లు మండలంలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న మా పక్క పల్లెల్లో తప్ప ఆయన ఎవరికీ తెలియదు. సన్నగా, పొడుగ్గా, ప్యాంటు రెండు మడతలు పైకి మడిచి, చేతిలో గొడుగుతో నడిచే మనిషి. మా వైపు వాన ఎటూ పెద్దగా రాదు కాబట్టి ఆ గొడుగు ఎక్కువగా నేల మీద గీతలు గీయడానికే పనికొచ్చేది. జేబులో సుద్దముక్క వేసుకుని తిరిగేవారు, అందుకని ఏ చొక్కా తొడిగినా జేబు తెల్లగానే ఉండేది. పెళ్లికి పిలిస్తే తాళి కట్టడం అయిపోయాక వచ్చేవారు. వచ్చి బంతిలో కూర్చున్నాక, అన్నం మధ్యలో గుంట చేసి సాంబారు పోయించుకుని, అది ఏ పక్కకు తెగి పారుతుందో పక్కవాడికి చూపించి నదుల సంగతి మొదలుపెట్టేవారు. పక్కవాడి అన్నం చల్లారిపోయేది. ఆయనతో అదొక బాధ ఉండేది, దాచడం దేనికి.

పుట్టింది సరిహద్దుకు అవతల, బళ్లారి వైపు ఒక పల్లెలో. చదివింది అనంతపురంలో. ఇంట్లో కన్నడ, బడిలో తెలుగు. ఉద్యోగం మా ఊరి పక్క హైస్కూల్లో వచ్చింది, మా ఊళ్లో ఇల్లు బాడుగకు తీసుకున్నారు, రిటైరయ్యాక కూడా కదల్లేదు. రేడియోలో ముందు కన్నడ వార్తలు వినేవారు, తర్వాత తెలుగు వార్తలు. ఒకే సంగతిని రెండు వాకిళ్ల నుంచి వినాలని ఆయన పట్టు. ఎంత బాగా తెలుగు మాట్లాడినా వెనకాల మాత్రం అందరూ ఆయన్ని కన్నడ సారు అనేవారు. ఆయనకూ తెలుసు. తెలిసి నవ్వేవారు గానీ, ఒక ఏడు ఆ మాట ఆయన్ని నిజంగానే కోసింది. ఆ సంగతికే వస్తున్నాను.

ముందు ఆయన పాఠం గురించి చెప్పాలి. దేశం పటం గీయమంటే మేమంతా మొదట సరిహద్దు గీసి, తర్వాత లోపల కొండలు, నదులు నింపేవాళ్లం. ఆయన ఒప్పుకునేవారు కాదు. బడి వెనక ఇసుకలో కూర్చోబెట్టి ముందు కొండలు పోయమనేవారు. తర్వాత చెంబుతో నీళ్లు పోసి, అవి ఏ పక్కకు పోతాయో చూడమనేవారు. సముద్రాలకు గుంటలు తవ్వించేవారు. అంతా అయ్యాక, చేతులు కడుక్కొచ్చి, చిటికెడు ముగ్గుపిండితో ఆఖరున సరిహద్దు వేయించేవారు. "నేల గీసింది ముందు. మనం గీసింది ఆఖరున" అనేవారు. గీసినవాడి చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు నువ్వు ఈ దేశానికి రాజువప్పా. ఎవరితో స్నేహం చేస్తావు, ఎవరికి భయపడతావు? నీ మనసు అడగాకు. కొండ యాడుందో, నీళ్లు యాడ నుంచి వస్తాండాయో చూసి చెప్పు" అని అడిగేవారు.

మా చేత మొదట గీయించిన పటం మా జిల్లాదే. పడమటి కనుమలు ఒక పక్క మేఘాన్ని ఆపేస్తాయి, తూర్పు సముద్రం నుంచి వచ్చే మేఘం మా దాకా వచ్చేసరికి ఖాళీ అయిపోతుంది, మధ్యలో ఎత్తు మీద మనం ఉన్నాం అని ఇసుకలో చూపించారు. వానలు లేకపోవడానికి ఊరి పాపమే కారణమని మా అవ్వ నమ్మేది. ఆ పాపాన్ని సారు ఒక్క పీరియడ్‌లో కడిగేశారు. ఇంటికొచ్చి అవ్వకు చెబితే, "అయితే ఆ కొండల్ని ఆడ పెట్టిందెవరు?" అని అడిగింది. మర్నాడు సారుకు చెబితే, మీ అవ్వ నాకంటే మంచి ప్రశ్న వేసింది అన్నారు.

దేశాలన్నీ ఆయనకు బెంచీలే. మా క్లాసులో ఆడపిల్లల బెంచీ ఒకటి మూలలో ఉండేది. ఒక పక్క గోడ, గోడకు కిటికీ. బయటికి రావాలంటే ముందున్న మగపిల్లల బెంచీ లేచి దారి ఇవ్వాల్సిందే. సారు మమ్మల్ని నేపాల్ అన్నారు. ముందు బెంచీ ఇండియా. సముద్రం లేని దేశం అంటే ఏమిటో పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటుంది, చదివి మరిచిపోతాం. మేం మరిచిపోలేదు. ఎందుకంటే ఒక వారం ఇండియావాళ్లకు పొగరెక్కింది, నీళ్లు తాగడానికి లేస్తే దారి ఇచ్చేది లేదన్నారు. రెండు రోజులు ఓర్చుకున్నాం. మూడో రోజు కిటికీ లోంచి పక్క క్లాసు పిల్లలకు బాటిల్ ఇచ్చి నీళ్లు తెప్పించుకున్నాం. సారు అంతా చూస్తూ కూడా కల్పించుకోలేదు. ఆ బాటిల్ లోపలికి రాగానే మాత్రం ఎగిరి గంతేసినంత పని చేశారు. "చూసినారా? దారి మూస్తే కిటికీ వెతుక్కుంటారు. ఇంక రేపట్నుంచి వీళ్లకి కిటికీ పక్కోళ్లే ముద్దు. తప్పు ఎవరిది?" అన్నారు. ఇండియా బెంచీ మర్నాటి నుంచి మర్యాదగా లేచి నిలబడింది. ఆ కిటికీ అవతల ఉన్నది ఏ దేశమో ఆయన వేరే చెప్పనక్కర్లేకపోయింది.

ఫలానా దేశం చెడ్డది అంటే ఊరుకునేవారు కాదు. "అది యాడ కూచోని ఉండాది?" అని అడిగేవారు. కోటగోడలాంటి కొండలు లేకుండా అంతా చదునుగా ఉన్న దేశం, పక్కింట్లో ఎవరు దిగినా అనుమానపడుతుంది. నాలుగు వైపులా సముద్రం ఉన్న దేశం ముందు పడవలు కట్టుకుంటుంది. మనకు ఇరుగుపొరుగు నచ్చకపోతే ఇల్లు ఖాళీ చేసి పోతాం, దేశానికి ఆ సౌకర్యం లేదప్పా అనేవారు.

మా అత్త కువైట్‌లో ఇళ్లలో పనికి పోయేది. ఒకసారి ఆ పక్క యుద్ధం వస్తుందని టీవీలో గోల. అవ్వ అన్నం మానేసింది. సారు అట్లాసు చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చి, అరుగు మీద తెరిచి, ఆ సముద్రానికి ఉన్న ఇరుకు మూతి చూపించారు. ప్రపంచానికి కావలసిన చమురు ఆ సందులోంచి రావాలి కాబట్టి అది మూసుకుపోకుండా పెద్ద పెద్దోళ్లంతా కాచుకుని ఉంటారని చెప్పారు. మన దేశం రెండు పక్కలవాళ్లతోనూ మెత్తగా ఎందుకు మాట్లాడుతుందో కూడా చెప్పారు. "మీ కూతురు లాంటోళ్లు శానామంది ఆ ఒడ్డున ఉండారు పెద్దమ్మా. వాళ్లు ఆడ ఉన్నన్నాళ్లు మన దేశం ఆడ గొంతు పెంచదు." అవ్వకు ఎంత అర్థమైందో తెలియదు. కానీ ఢిల్లీలో ఎవరో తన కూతుర్ని లెక్కలోకి తీసుకుని మాట్లాడుతున్నారన్న సంగతి ఆమెకు అన్నం తినడానికి సరిపోయింది. ఇప్పుడు టీవీలో పటం ముందు చేతులూపే నిపుణులను చూస్తే నాకు ఒళ్లు మంట. వాళ్లలో ఒక్కరికీ ఆ అరుగు మీది ఓపిక లేదు.

ఇక ఆ ఏటి సంగతి. అప్పుడు నేను పదో తరగతి.

పెద్ద కాలువ నుంచి చీలిన ఒక పిల్లకాలువ సరిహద్దు దాటి మా పొలాల దాకా వస్తుంది. మాది దాని కొస. మాకు పైన, గీతకు అవతల, కర్ణాటకలో ఉన్న ఊరిని మేం పై ఊరు అంటాం. నీళ్లు వాళ్లను దాటి మా దగ్గరికి రావాలి. ఆ ఏడు రాలేదు. మాకు మిరప చేను ఉంది. కాయ పట్టిన చేను, ఇంకొక్క తడి పడితే చాలు. పడకపోతే పంట పోయినట్టే. ఆ తడి రాకపోతే ఇల్లు మూసి అందరం బెంగళూరు పోయి ఇళ్ల కట్టుబడి పనుల్లో చేరదామని నాయన తేల్చేశాడు. అందరం అంటే నేనూ అని. పరీక్షలకు ఇంకా మూడు నెలలుంది. నాకు చదువు ఆగిపోవడమంటే ఏమిటో ఆ వారంలో తెలిసింది. పుస్తకం తెరిస్తే ఏ పేజీ కూడా నా కోసం కాదనిపించేది.

మా వైపు ఇంజనీరును అడిగితే అది అవతల రాష్ట్రం సంగతి అన్నాడు. అవతల అడిగితే, మీ హద్దులో ఏం జరుగుతుందో మాకేం తెలుసు అన్నారంట. పై ఊరివాళ్లు గట్టు తెంచి నీళ్లు వంకలోకి వదిలేస్తున్నారని, మనం బాగుపడటం చూడలేకే ఆ పని చేస్తున్నారని ఊరంతా అనుకుంది. ఆ శుక్రవారమే సారు క్లాసులో నైలు నది పాఠం చెప్పారు. పైనున్న దేశం చేతిలోనే తాళం ఉంటుంది, కిందున్న దేశం బతిమాలుకోవాలి, లేదంటే బెదిరించాలి, ఇంకో దారి లేదు అన్నారు. నేను ఇంటికొచ్చి ఆ మాట నాయనకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. "బతిమాలేది అయిపోయింది" అన్నాడు నాయన.

ఆదివారం పొద్దున నాయన, ఇంకో పదిమంది, గడ్డపారలు ట్రాక్టర్‌లో వేసుకుని బయల్దేరారు. నేను ఏడుస్తూ సారు ఇంటికి పరిగెత్తాను. ఆయన కాఫీ తాగుతున్నారు. గ్లాసు అక్కడే పెట్టేసి, గొడుగు తీసుకుని వచ్చి, ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడ్డారు.

"యాడికప్పా?"

"పై ఊరి తూము పగలగొట్టేకి" అన్నాడు నాయన. "నువ్వు పక్కకు రా సార్."

వెనక నుంచి ఒకాయన అన్నాడు, "ఆయనెందుకు వస్తాడు? ఆ పక్కోడే కదా. వాళ్ల మనిషి."

సారు ముఖం అప్పుడు చూశాను. ఇరవై ఏళ్లు ఆ ఊరి పిల్లలకు చదువు చెప్పిన మనిషి.  అయినా మామూలుగానే మాట్లాడారు.

"పగలగొడుదురు. నేనూ వస్తా. ఒకటే మాట. రోడ్డు మీద ట్రాక్టర్లో కాదు, కాలవలో దిగి నడుచుకుంటా పోదాం. నీళ్లు ఏ దారిన రావాల్నో ఆ దారిన. మీ పాప దస్తూరి బాగుంటాది, పటం గీస్తాది. తూము కాడికి పోయినాక మీ ఇష్టం, నేను అడ్డం రాను."

ఎండిన కాలువలో నడవడానికి ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు. ఎలాగూ పోయేది అక్కడికే. సారు ముందు, గొడుగుతో కొలుచుకుంటూ, అడుగులు పైకి లెక్కపెడుతూ. వెనక నేను నోటుబుక్కుతో. నా వెనక గడ్డపారలు. మలుపు వచ్చినప్పుడల్లా ఆగి, "గీయి" అనేవారు.

మూడో మలుపు దగ్గర ఆగిపోయాం. ఇంకా మా ఊరి హద్దులోనే ఉన్నాం. అక్కడ కాలువ లేదు. కాలువ ఉండాల్సిన చోట మిరప కట్టె ఉంది. పంట అయిపోయాక మిరప చెట్లు పీకి ఎక్కడో ఒకచోట పడేయాలి. చేన్లో వేస్తే దున్నడానికి అడ్డం. కాలువ ఎండిపోయి ఉంటుంది, అది ఎవరి చేనూ కాదు. కాబట్టి ఏటా అందరూ అందులోనే పడేసేవాళ్లు. నీళ్లు వచ్చినప్పుడు ఒండ్రు వచ్చి దానికి పట్టుకుంది, దాని మీద కంపచెట్లు మొలిచాయి, ఏళ్ల మీద అది గట్టిపడి అడ్డకట్ట అయింది. దాని పైపక్క, పాచి పట్టిన నీళ్లు మోకాలి లోతున నిలబడి ఉన్నాయి. మా చేను సరిగ్గా ఆ మలుపు పక్కనే. పోయిన ఏటి కట్టె ఇంకా పైపైనే ఉంది. అది ఎవరు వేశారో నాయనకు తెలుసు, నాకూ తెలుసు. నేనే మోపులు ఎత్తి ఇచ్చాను.

 సారు "గీయి" అని మాత్రం నాతో అన్నారు. గీశాను. గట్టెక్కి ముందుకు నడిచాం. గీత దాటాక పై ఊరి చేలు. అడుగు వాలు కూడా లేని నల్లరేగడి అది. కింద ఆగిన నీళ్లు వెనక్కి తన్ని వాళ్ల చేలల్లోకి ఎక్కాయి. జొన్న పసుపుబారి కుళ్లుతూ ఉంది. ఆ చేను గట్టు మీద పై ఊరి పెద్దాయన ఒకాయన పారతో నిలబడి ఉన్నాడు. కాలువ గట్టుకు గండి కొట్టి, నీళ్లను వంకలోకి వదులుతున్నాడు. మమ్మల్ని, గడ్డపారల్ని చూసి బెదరలేదు.

"నీవే తానే కట్టిద్దు? నమ్మ హొల ముళుగిస్తీరా?" అని అరిచాడు. మీరే కదా అడ్డం కట్టింది, మా చేలు ముంచుతారా అని. తర్వాత సారు వైపు తిరిగి, మాకు కూడా తెలియాలని తెలుగులో అన్నాడు: "నువ్వు మా పక్క పుట్టినోడివి. ఆంధ్రావాళ్ల ఉప్పు తిని వాళ్ల మాటే మాట్లాడేకి వచ్చినావా?"

అరగంటలో రెండు ఊళ్లూ ఆయన్ని అవతలివాళ్ల మనిషి అనేశాయి. ఆయన చెమట తుడుచుకుని, నా నోటుబుక్కు తీసుకుని గట్టు మీద పరిచి, నాలుగు వైపులా మట్టిగడ్డలు పెట్టారు. అందులో కొండల్లేవు, దేశాల్లేవు. ఒక కాలువ, మూడు మలుపులు, ఒక అడ్డం, వెనక్కి తన్నిన నీళ్లు, ఒక గండి. సరిహద్దు నేను ఇంకా గీయలేదు. సారు కూడా గీయమనలేదు. పెద్దాయన వేలు పట్టుకుని పటం మీద పైనుంచి కిందికి నడిపించారు, కన్నడలో చెబుతూ. తర్వాత నాయన వేలు పట్టుకుని కింది నుంచి పైకి నడిపించారు, తెలుగులో.

"ఆయన నీ నీళ్లు దొంగిలించలేదు, చేను కాపాడుకున్నాడు. పెద్దాయనా, వీళ్లు నీ చేను ముంచాలనుకోలేదు, కట్టె యాడ వేయాల్నో తెలియక వేసినారు. ఇంక నువ్వు చెప్పప్పా, ఆయన చోట్లో నువ్వుంటే నువ్వూ గండే కొడతావు. అవునా కాదా?"

నాయన వేలు పటంలో గండి దగ్గర ఆగింది. "కొడతా" అన్నాడు. తర్వాత గడ్డపార నేల మీద పెట్టి, పెద్దాయనతో, "పైనున్న కట్టె నాదేనన్నా" అన్నాడు. మా నాయన తప్పు ఒప్పుకోవడం నేను చూసింది అదే మొదలు. నాకు సిగ్గూ గర్వమూ రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆ గడ్డపారలతోనే ఆ మధ్యాహ్నం కంప పీకడం మొదలుపెట్టారు. రెండో రోజు పై ఊరివాళ్లు కూడా పారలు తెచ్చుకుని దిగారు. మూడో రోజు గండి పూడ్చారు. నాలుగో రోజు నీళ్లు మా మిరప చేనుకు వచ్చాయి. బెంగళూరు పోలేదు. నేను పరీక్ష రాశాను.

అన్నిటికంటే నేను ఆయన్ని మెచ్చుకునేది ఆ మరుసటి సోమవారానికి. క్లాసుకు వచ్చి, బోర్డు మీద నైలు నది గీసి, "పోయిన వారం మీకు సగం తప్పు చెప్పినా" అన్నారు. ఒక మాస్టారు పిల్లల ముందు ఆ మాట అనడం మేం ఎప్పుడూ వినలేదు. పైనున్నవాడి చేతిలోనే తాళం ఉంటుందని చెప్పాను, కిందున్నవాడు కూడా నీళ్లను వెనక్కి తన్నించగలడని నాకు తట్టలేదు, కాలువలో నడిస్తే గానీ తెలియలేదు అన్నారు. చోటు మన చేత ఒక రకంగా ఆలోచన చేయిస్తుంది, అది నిజమే. కానీ అవతలివాడి చోటు దాకా నడిచి వెళ్లిన దేశం ఇంకో రకంగా కూడా ఆలోచించగలదు. ఈ మాట నోట్సులో రాసుకోమన్నారు. పరీక్షలో రాస్తే మార్కులు రావని కూడా చెప్పారు. నిజంగానే రాలేదు.

ఆ తర్వాత అది ఒక అలవాటైంది. ఏటా కాలువకు నీళ్లు వదిలే ముందు రెండు ఊళ్లవాళ్లూ కొస నుంచి తూము దాకా కలిసి నడిచేవాళ్లు, దారిలో అడ్డమైంది తీసేవాళ్లు. ముందు సారు, గొడుగు. వంతులు కూడా పెట్టుకున్నారు. వారంలో నాలుగు రోజులు పై ఊరికి, మూడు రోజులు మాకు. వాళ్ల వంతు రోజుల్లో మా కాలువలో చుక్క ఉండదు. ఎవరూ సంతకాలు పెట్టలేదు. అంతా సవ్యంగా జరిగిందని చెబితే అబద్ధం. నీళ్లు తక్కువైన ప్రతి ఏడూ గొడవే. తిట్టుకున్నారు, ఒకసారి కొట్టుకున్నారు కూడా. ప్రతిసారీ ఆయన మళ్లీ కాలువలో దిగి నడిచేవారు. వెనక ఎవరో ఒకరు నడిచేవాళ్లు. మా కాలేజీలో ఏదైనా ఒప్పందం గురించి పాఠం చెప్పేటప్పుడు పిల్లలు, అది తెగిపోతే మేడం అని అడుగుతారు. తెగుతుంది, మళ్లీ నడవాలి అని చెబుతాను. ఆ జవాబు ఎక్కడిదో వాళ్లకు తెలియదు.

నాయన ఫోన్ చేసిన ఆ సోమవారం ఉరవకొండ బస్సెక్కి, అక్కడ మారి, ఊరు చేరేసరికి పదకొండు దాటింది. ఇంటి ముందు సారును పడుకోబెట్టారు. జేబు తెల్లగా లేని చొక్కాలో ఆయన్ని చూడటం అదే మొదటిసారి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ వచ్చింది. సారు భార్య నా చెయ్యి పట్టుకుని, రాత్రి రెండు వార్తలూ విని పడుకున్నాడమ్మా అన్నారు. ఆయన పుట్టిన ఊరి నుంచి బంధువులు వచ్చి అక్కడికి తీసుకుపోతామన్నారు. ఆమె ఒప్పుకోలేదు. కాలువ పక్కన ఊరి దిబ్బ మీదే దహనం కావాలని ఆయన ఎప్పుడో చెప్పారంట.

పై ఊరి నుంచి జనం వచ్చారు. గండి కొట్టిన పెద్దాయన కూడా వచ్చాడు. ఇప్పుడు బాగా ముసలివాడైపోయాడు, మనవడు బండి మీద తెచ్చి దింపాడు. మా నాయన ఎదురెళ్లి భుజం ఇచ్చాడు. ఆడవాళ్లం కాలువ గట్టు దాకా పోయి ఆగాం. చితి అంటుకుంది.

అందరూ స్నానం చేసి ఇళ్లకు పోవాలి. కాలువలో నీళ్లు లేవు. ఈ ఏడు వానలు వెనకబడ్డాయి, పెద్ద కాలువకే తక్కువ వదిలారు. పైగా ఆ రోజు వంతు పై ఊరివాళ్లది. ట్యాంకరు పిలిపిద్దామా, బోరు దగ్గరికి పోదామా అని మగవాళ్లు మాట్లాడుకుంటున్నారు. అంతలో పై మలుపు దగ్గర ఎవరో, నీళ్లు వస్తాండాయి అన్నారు. ముందు నురుగు, ఎండుటాకులు, వాటి వెనక బురద రంగు నీళ్లు. తీరిగ్గా, కాలువ వెడల్పంతా పరుచుకుంటూ వచ్చాయి. మావాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చేలు వాళ్లవీ ఎండుతున్నాయి. ఈ ఏడు ఒక రోజు తడి అంటే ఏమిటో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

నేను పెద్దాయన దగ్గరికి పోయి అడిగాను, ఈ రోజు మీ వంతు కదా తాతా అని.

"పొద్దున్నే మా చేల తూములు మూయించి వచ్చినా" అన్నాడు. "ఇవత్తొందు దిన హోగ్లి బిడమ్మ." ఈ ఒక్క రోజు పోనీలే అని.

గట్టు దిగడానికి ఆయనకు కాళ్లు రాలేదు. నాయన దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి, రెండు చేతులూ చాచి ఆయన్ని దింపుకున్నాడు. పడకుండా ఒక చేత్తో నడుము పట్టుకున్నాడు. ఇంకో చేత్తో చెంబు ముంచి ఆయన నెత్తిన పోశాడు. పెద్దాయన కళ్లు మూసుకుని చేతులు జోడించి నిలబడ్డాడు. ఇద్దరి చుట్టూ తిరిగి నీళ్లు కింద మా చేల వైపు పోతున్నాయి. నాయన ఇంకో చెంబు ముంచాడు.